లెక్క సరిగ్గా వచ్చిందా? బొమ్మనే అడగండి: హైస్కూల్ సైన్స్ ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. హైస్కూల్ సైన్స్‌లో మీ సందేహాలు తీర్చడానికి స్టూడియోలో టీచర్ గారు సిద్ధంగా ఉన్నారు. ఫిజికల్ సైన్స్, బయాలజీ రెండూ ఏళ్ల తరబడి చెప్పినవారు. మేడమ్, ఇంకా మొదలుపెట్టక ముందే లైన్లు బిజీ.

టీచర్: నమస్కారమండీ. పరీక్షలు దగ్గరపడ్డాయి మరి.

యాంకర్: హలో, చెప్పండి.

అబ్బాయి: హలో... హలో... మేడమ్...

యాంకర్: బాబూ, నీ పక్కన రేడియో మోగుతోంది, కాస్త తగ్గించు. ఆ, ఇప్పుడు చెప్పు.

అబ్బాయి: నేను పదో తరగతి మేడమ్. కటకాల, అదే లెన్సుల లెక్కల్లో ప్లస్ ఎక్కడో, మైనస్ ఎక్కడో ప్రతిసారీ తారుమారవుతోంది. సూత్రం నోటికి వచ్చు. అయినా లెక్క తప్పుతోంది. అదొక్కటే టెన్షన్.

టీచర్: సూత్రం చెప్పు నాన్నా.

అబ్బాయి: ఒకటి బై ఎఫ్ ఈజ్ ఈక్వల్ టు ఒకటి బై వి, మైనస్ ఒకటి బై యు.

టీచర్: కరెక్ట్. ఎఫ్ నాభ్యాంతరం, అంటే సమాంతర కిరణాలు కలిసే చోటు కటకం నుంచి ఎంత దూరమో అది. యు వస్తువు దూరం, వి ప్రతిబింబం దూరం. కాగితం, పెన్సిల్ ఉన్నాయా? కుంభాకార కటకం, నాభ్యాంతరం 10 సెం.మీ. వస్తువు 15 సెం.మీ. దూరంలో ఉంది. ప్రతిబింబం ఎక్కడ?

అబ్బాయి: ఒక్క నిమిషం... 6 సెం.మీ. మేడమ్.

టీచర్: సరే, అది తప్పో ఒప్పో నేను చెప్పను, నీ బొమ్మే చెబుతుంది. అడ్డంగా ఒక గీత గియ్యి. మధ్యలో కటకం. రెండు వైపులా 10 దగ్గర ఎఫ్, 20 దగ్గర టూ ఎఫ్ గుర్తు పెట్టు. ఎడమవైపు 15 దగ్గర వస్తువును నిలబెట్టు. దాని కొస నుంచి గీతకు సమాంతరంగా ఒక కిరణం తీసుకెళ్తే అది కటకం దాటాక అవతలి ఎఫ్ గుండా పోతుంది. కటకం నడిమధ్య గుండా వెళ్లే కిరణం వంగదు, తిన్నగా పోతుంది. గీశావా? రెండూ ఎక్కడ కలిశాయి?

అబ్బాయి: దూరంగా మేడమ్. టూ ఎఫ్ కూడా దాటిపోయాయి.

టీచర్: మరి 6 అన్నావే? 6 అంటే ఎఫ్ కన్నా ఇవతలే కదా.

అబ్బాయి: అవును... అయితే తప్పే.

టీచర్: యు దగ్గర ఉత్త 15 వేసుంటావు. కొలత ఎప్పుడూ కటకం మధ్య నుంచే మొదలు. వెలుతురు పోయే దారిలో కొలిస్తే ప్లస్, వెలుతురుకు ఎదురెళ్లి కొలిస్తే మైనస్. అంతకు మించి ఏమీ లేదు. కటకం దగ్గర నిలబడి వస్తువు వైపు నడవాలంటే వెలుతురుకు ఎదురు నడవాల్సిందే. అందుకే యు మైనస్ 15. మళ్లీ చెయ్యి.

అబ్బాయి: 30! 30 మేడమ్!

టీచర్: అది బొమ్మతో సరిపోయిందా? సరిపోయింది. ఇక వి బై యు చెయ్యి, మైనస్ 2 వస్తుంది. మైనస్ అంటే తలకిందులు, 2 అంటే రెట్టింపు ఎత్తు. నీ బొమ్మ మీద స్కేలు పెట్టి కొలిచినా అంతే వస్తుంది. బొమ్మ లేకుండా లెక్క చేసినవాళ్లకు క్లాసు పరీక్షల్లో నేను సగం మార్కులే వేసేదాన్ని. పిల్లలు తిట్టుకునేవాళ్లు. తిట్టుకోనివ్వండి.

యాంకర్: (నవ్వుతూ) తర్వాతి కాల్ తీసుకుందాం. హలో?

అమ్మాయి: నమస్తే మేడమ్. బఠానీ మొక్కల మీద ప్రయోగాలు చేసిన మెండెల్ గురించి. ఎఫ్2 తరంలో, అదే సంకర మొక్కలకు పుట్టిన తరంలో, 3:1 అంటే నాలుగు మొక్కల్లో మూడు పొడవు, ఒకటి పొట్టి అని రాశాను. మా టీచర్ పక్కన ప్రశ్నార్థకం పెట్టారు, మార్కు వెయ్యలేదు.

టీచర్: మీ టీచర్ మంచి పని చేశారమ్మా. మెండెల్ 1866లో అచ్చువేయించిన వ్యాసంలో లెక్కలున్నాయి. కాండం పొడవు చూసేందుకు ఆయన ఎఫ్2లో లెక్కపెట్టిన బఠానీ మొక్కలు 1064. పొడవైనవి 787, పొట్టివి 277. భాగించి చూడు, 2.84 వస్తుంది. గింజల ఆకారం దగ్గర గుండ్రనివి 5474, ముడతలవి 1850. అక్కడ 2.96. ఆయనకే సరిగ్గా 3 రాలేదు.

అమ్మాయి: మరి 3:1 అని ఎందుకంటారు మేడమ్?

టీచర్: ఇంట్లో రెండు నాణేలు ఉన్నాయా? ఒకటి ఒక జనక మొక్క అనుకో, రెండోది ఇంకో జనక మొక్క. రెండూ సంకర జాతివే, అంటే ఒక్కోదానిలో పొడవు కారకం ఒకటి, పొట్టి కారకం ఒకటి ఉంటాయి. బొమ్మ పడితే పొడవు కారకం వచ్చినట్టు, బొరుసు పడితే పొట్టి కారకం. రెండూ కలిపి ఎగరెయ్యి. రెండూ బొరుసే పడితేనే పొట్టి మొక్క. ఒక్క బొమ్మ పడినా పొడవే. అంటే నాలుగు అవకాశాల్లో మూడు పొడవుకి, ఒకటి పొట్టికి. నలభై సార్లు వేసి, గీతలు గీసుకుంటూ లెక్కపెట్టు. మేము ఇక్కడే ఉంటాం, మళ్లీ ఫోన్ చెయ్యి.

యాంకర్: తప్పకుండా చెయ్యమ్మా, మా వాళ్లు లైన్ కలుపుతారు. తర్వాత ఎవరండీ?

తల్లి: నమస్కారం మేడమ్ గారూ. మా అమ్మాయి తొమ్మిది పాసై పదికి వచ్చింది. బయాలజీ అంటే ప్రాణం, గుండె బొమ్మ వేసిందంటే నాలుగు గదులూ కవాటాలూ కళ్లకు కట్టినట్టుంటాయి. ఫిజిక్స్ పుస్తకం తెరిస్తే మాత్రం తలనొప్పి అంటుంది. ట్యూషన్ పెట్టించమంటారా?

టీచర్: ట్యూషన్ సంగతి తర్వాత చూద్దామమ్మా. పాప పక్కనే ఉందా? ఒక వేలు కళ్ల ముందు, మామూలుగా పుస్తకం పట్టుకునేంత దూరంలో పెట్టుకోమనండి. వేలి గోరు వైపే చూడమనండి. వెనకాల గోడ ఎలా ఉంది?

తల్లి: మసకగా ఉందంటోంది.

టీచర్: ఇప్పుడు గోడను చూడమనండి, వేలు మసకబారుతుంది. కెమెరాలో అయితే కటకాన్ని ముందుకో వెనక్కో జరుపుతారు. కంట్లో అలా జరపడం కుదరదు. కటకానికీ, కంటి వెనక ప్రతిబింబం పడే రెటీనాకీ మధ్య దూరం సుమారు 2.5 సెం.మీ., అది మారదు. అందుకని కటకం చుట్టూ ఉండే సిలియరీ కండరాలు కటకం ఆకారాన్నే మారుస్తాయి. ఇది బయాలజీ, పాప బాగానే రాస్తుంది. ఎంత మారుతుందో చెప్పమంటే అక్కడ ఫిజిక్స్ వస్తుంది. దూరపు వస్తువు చూసేటప్పుడు నాభ్యాంతరం 2.5. 25 సెం.మీ. దూరంలో ఉన్న వేలిని చూడాలంటే ఒకటి బై 2.5, దానికి ఒకటి బై 25 కలపండి. మైనస్ మైనస్ కలిసి ప్లస్ అవుతుంది, ఇందాకటి బాబు వింటున్నాడో లేదో. 0.44 వస్తుంది. తిరగేస్తే 2.27. అంటే తేడా రెండు మిల్లీమీటర్ల పైచిలుకు! ఆ కాస్త తేడాతోనే గోడా, గోరూ రెండూ చూడగలుగుతున్నాం.

తల్లి: అదేదో రాసుకుంటోంది మేడమ్.

టీచర్: రాసుకోనివ్వండి. ఫిజిక్స్ పాఠాలను వరసగా మొదటి పేజీ నుంచి కాకుండా తనకిష్టమైన పాఠం వైపు నుంచి మొదలుపెట్టించండి. కన్ను నుంచి కటకాలకు, నాడుల నుంచి విద్యుత్తుకు. గుండె, రక్తపోటు చదివాక పీడనం పాఠం తియ్యమనండి. ఒక నెల చూశాక అప్పుడు ట్యూషన్ మాట.

యాంకర్: ఒక శ్రోత మెసేజ్ పెట్టారు. గాఢ ఆమ్లాన్ని పలుచన చేసేటప్పుడు ఏది దేనిలో పొయ్యాలి?

టీచర్: ఆమ్లాన్నే నీళ్లలో, కొద్దికొద్దిగా, కలుపుతూ. తిరగేసి పోస్తే పుట్టే వేడికి నీళ్లు ఒక్కసారిగా మరిగి ఆమ్లం ముఖం మీదకి చిందుతుంది. అదీ టీచర్ పక్కనుంటేనే. తర్వాత?

ఇంకో అబ్బాయి: మేడమ్, మొక్కలు పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ చేస్తాయని రాస్తే ఇంటూ కొట్టారు.

టీచర్: నువ్వు అన్నం తినేటప్పుడు ఊపిరి ఆపుకుంటావా?

ఇంకో అబ్బాయి: లేదు మేడమ్.

టీచర్: మొక్కా అంతే. శ్వాసక్రియ ఇరవై నాలుగు గంటలూ ప్రతి సజీవ కణంలో నడుస్తూనే ఉంటుంది, వేర్లలో కూడా. పగలు వెలుతురు బాగా ఉన్నప్పుడు ఆకులు తాము వాడుకునేదానికన్నా ఎక్కువ ఆక్సిజన్ తయారుచేస్తాయి, కాబట్టి బయటికి వచ్చేది మనకు కనిపిస్తుంది. రాత్రి తయారీ ఆగిపోయి వాడకం మిగులుతుంది. వెలుతురు ఉండాలి, ఆకుపచ్చని భాగాలే ఈ పని చేస్తాయి అని 1779లో ఇంగెన్‌హౌజ్ అనే శాస్త్రవేత్త ప్రయోగాలు చేసి చూపించాడు. మీకు ఆకులో పిండిపదార్థం పరీక్ష ఉంది కదా, ఆకును ఆల్కహాల్‌లో ఎందుకు మరిగిస్తారు?

ఇంకో అబ్బాయి: అయోడిన్ వేస్తే నల్లగా అవ్వడానికి...

టీచర్: కాదు, పత్రహరితం పోవడానికి. ఆకుపచ్చ రంగు అలాగే ఉంటే అయోడిన్ వేశాక వచ్చే ముదురు నీలం ఎక్కడ కనబడుతుంది? ఆ ఆల్కహాల్‌ను మంట మీద నేరుగా పెట్టరు, వేడినీళ్ల గిన్నెలో పెడతారు. ఎందుకంటే భగ్గున అంటుకుంటుంది. జవాబులో ఈ రెండు ఎందుకులూ రాయి.

యాంకర్: మేడమ్, ఆ నాణేల అమ్మాయి మళ్లీ లైన్లోకి వచ్చింది.

అమ్మాయి: మేడమ్, నలభై సార్లు వేశాను. రెండూ బొరుసు పడినవి 13. పది రావాలి కదా? పైగా మొదటి నాలుగు సార్లలో ఒక్కటీ రాలేదు.

టీచర్: చూశావా, ఆ నాలుగే వేసి ఆపుంటే పొట్టి మొక్కలే పుట్టవని రాసేదానివి! ఇంట్లో ఇంకెవరైనా వేశారా?

అమ్మాయి: తమ్ముడు వేశాడు మేడమ్. వాడికి 8 వచ్చాయి.

టీచర్: రెండూ కలుపు.

అమ్మాయి: 80కి... 21.

యాంకర్: 20 రావాల్సిన చోట 21, బానే దగ్గరికొచ్చింది!

అమ్మాయి: తమ్ముడు ఇంకో నలభై వేస్తానంటున్నాడు మేడమ్.

టీచర్: వెయ్యనివ్వు. లెక్క రాసిన కాగితం మాత్రం పారెయ్యకండి, రేపు మీ టీచర్‌కి చూపించు.