కర్రపనిలో మీకు నచ్చే తంటా ఏది?

శ్రోతలకు నమస్కారం.

సరదాకి కర్రపని నేర్చుకుందామనుకునేవాళ్లు సాధారణంగా తయారైన వస్తువును చూసి మనసు పారేసుకుంటారు. నున్నటి గరిటె, నిగనిగలాడే కుంకుమభరిణె, ఒక్క మేకూ లేకుండా బిగిసిన పెట్టె. అలా వస్తువును చూసి పనిని ఎంచుకుంటే కొన్నాళ్లకే పనిముట్లు అటకెక్కుతాయి. ఏ పని ఎక్కడ చెడుతుందో ముందే తెలుసుకుని, చెడిన చోట కూర్చుని సరిదిద్దే ఓపిక తమకుందా అని చూసుకున్నవాళ్లే దీనిలో నిలబడతారు. ఎందుకంటే చేసేటప్పుడు ఎక్కువ సమయం పోయేది ఆ తంటాతోనే. బెంగళూరులో, అందులోనూ అపార్టుమెంటుల్లో ఉండేవాళ్లకు వీలయ్యే పనులను ఈ లెక్కనే చూద్దాం.

మొదటిది పచ్చికర్ర పని. ఎండని కొమ్మతో గరిటెలు, చెంచాలు, తెడ్లు చెక్కడం. కరెంటు అక్కర్లేదు, పొడి రేగదు, కింద రాలేవి తడి పేళ్లే. పనిముట్లు మూడు చాలు: చిన్న చేతిగొడ్డలి, తిన్నని కత్తి, కొస వంపు తిరిగిన కత్తి. గొడ్డలి చప్పుడు ఒక్కటే కింది ఇంటివాళ్లకు వినిపిస్తుంది. ఆ కాస్త పనీ పగటిపూట మేడమీద ముగించుకుంటే, మిగతాది రాత్రి హాల్లో కూర్చుని చేసుకోవచ్చు.

కర్ర వెతుక్కోవడం ఇక్కడ కష్టం కాదు. ఏప్రిల్, మే నెలల్లో గాలివాన వచ్చిందంటే బెంగళూరు వీధుల్లో కొమ్మలు విరిగిపడతాయి. కానీ కనబడినదల్లా పనికిరాదు. గుల్‌మొహర్ పెళుసు. గన్నేరు విషం, దాన్ని గరిటెకే కాదు, పొయ్యిలోకి కూడా వాడకూడదు. జామ, సపోటా, పనస, మామిడి బాగుంటాయి. జామ అయితే మరీ మంచిది, గట్టిగా, సన్నని నారతో ఉంటుంది. పెరట్లో జామచెట్టు ఉన్నవాళ్లు కొమ్మలు కొట్టించేటప్పుడు ఒకటి అడిగి తెచ్చుకోండి. వీధి చెట్టు కొమ్మయితే కోసే సిబ్బందిని అడగాలి. గంధపు చెట్టు జోలికి మాత్రం పుల్ల కోసమైనా వెళ్లవద్దు.

ఎనిమిది సెంటీమీటర్ల లావు, ముప్పై సెంటీమీటర్ల పొడవు ఉన్న కొమ్మను నిలువునా రెండుగా చీల్చాలి. చీల్చాక నడిమి బెండును పూర్తిగా చెక్కిపారేయాలి. కర్ర ఎండేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. వలయాల వెంబడి కుదింపు, నడిమి నుంచి బెరడు వైపు ఉండే కుదింపుకు దాదాపు రెట్టింపు. బెండు లోపలే ఉండిపోతే ఆ తేడా తట్టుకోలేక కర్ర అక్కడినుంచి పగులుతుంది. తర్వాత చదును చేసిన ముఖం మీద గరిటె ఆకారం గీసుకుని, గొడ్డలితో బయటి రూపు తెచ్చి, గుంతను వంపుకత్తితో నారకు అడ్డంగా తొలవాలి. కత్తి ఎప్పుడూ ఎత్తు నుంచి పల్లానికే నడవాలి. గుంత అడుగు దాటి ఎదురెక్కిందంటే నార కిందికి దూరి ముక్కకు ముక్క లేచిపోతుంది. అలా లేచినప్పుడు విసుక్కోకుండా గరిటెను చేతిలో తిప్పుకుని రెండో వైపు నుంచి వచ్చేవాళ్లకు ఈ పని పడుతుంది.

గుంత గోడ అన్నిచోట్లా ఒకే మందంలో, నాలుగైదు మిల్లీమీటర్లు ఉండాలి. ఒకచోట పలచగా, పక్కనే దళసరిగా ఉంటే పలచటిది ముందు ఎండి, తడిగా ఉన్నదాన్ని లాగి పగులుతుంది. చెక్కిన గరిటెను దాని పేళ్లతోనే కాగితపు సంచిలో పెట్టి వారం పది రోజులు నీడన ఉంచండి. ఫ్యాను కింద వదిలేస్తే, మార్చి నెల పొడిగాలికి తెల్లారేసరికి నెర్రె ఇచ్చినా ఇవ్వవచ్చు. ఎండాక ఒకసారి నీళ్లలో ముంచి తీసి ఆరబెడితే నారలు లేస్తాయి. అప్పుడు పదునైన కత్తితో పైపైన ఒక పలచటి పొర తీసినా, సన్న ఉప్పుకాగితం పట్టినా మళ్లీ గరుకు తేలదు.

రెండోది తరిమెన, అంటే లేత్ మీద చేసే పని. కర్ర తిరుగుతూ ఉంటుంది, ఉలి మన చేతిలో ఉంటుంది. బొంగరం, పప్పుగుత్తి, అప్పడాలకర్ర, కుంకుమభరిణె అన్నీ ఇందులో పుట్టేవే. మైసూరు రోడ్డులో అరవై కిలోమీటర్లు వెళితే చన్నపట్న. అక్కడి బొమ్మలకు వాడే ఆలె కర్రా, వరాహ నది ఒడ్డున మన ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్రా ఒకే చెట్టువి. రంగు వేసే తీరూ ఒకటే. తిరుగుతున్న బొమ్మకు రంగు లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికి లక్క కరిగి అంటుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుగు వస్తుంది. కుంచె అవసరమే లేదు.

చాలామందిని ఇటు లాగేది వేగం. అరగంటలో బొంగరం చేతిలో ఉంటుంది. చెడేది కూడా అంతే వేగంగా చెడుతుంది. ఉలి అంచును నేరుగా కర్రకు ఆనిస్తే అది లటుక్కున పట్టుకుని, కర్ర చీలిపోవడమో ఉలి చేతిలోంచి విసురుగా లేవడమో జరుగుతుంది. ముందు ఉలి వెనుక భాగంలోని ఏటవాలు చెంపను కర్రకు ఆనించి, అది రాసుకుంటున్నప్పుడు పిడిని మెల్లగా ఎత్తితే అంచు తనంతట తానే కోత అందుకుంటుంది. పేళ్లు పొడవైన రిబ్బన్లలా వస్తే సరిగా ఉన్నట్టు, పొడిగా రాలితే ఉలి మొండిగా ఉన్నట్టు. ఉలి ఆనే కమ్మీకీ కర్రకూ మధ్య సందు నాలుగైదు మిల్లీమీటర్లు దాటకూడదు. కర్ర సన్నబడేకొద్దీ యంత్రాన్ని ఆపి కమ్మీని దగ్గరకు జరుపుకోవాలి.

వేగానికి ఒక మోటు లెక్క ఉంది. కర్ర అడ్డుకొలత అంగుళాల్లో ఎంతో చూసి, దాన్ని నిమిషానికి తిరిగే చుట్లతో గుణిస్తే 6000 నుంచి 9000 మధ్య రావాలి. అంటే రెండంగుళాల కర్రకు 3000 నుంచి 4500 చుట్లు. ఇది గుండ్రబడి, అదరకుండా తిరుగుతున్న కర్ర మాట. నాలుగు పలకలుగా ఉన్న ముడి కర్రతో వెయ్యి దాటవద్దు. ముఖమంతా కప్పే ప్లాస్టిక్ కవచం తప్పనిసరి. చున్నీ, వదులు చేతులు, మెడలో గొలుసు, చేతి తొడుగులు ఏవీ ఉండకూడదు. తొడుగు రక్షణ అనుకుంటారు కానీ, తిరిగే కర్రకు అది చిక్కితే చెయ్యి దానితో పాటే పోతుంది. లేత్ హోరు ఫ్లాటులో కుదరదు కాబట్టి, గంటల లెక్కన అద్దెకిచ్చే పనిశాలల్లో చేసుకోవడం మేలు.

మూడోది జోడింపు పని: పీటలు, పెట్టెలు, బల్లలు. దీనికి వచ్చేవాళ్ల స్వభావమే వేరు, కొలతంటే ఇష్టపడేవాళ్లు. పన్నెండు మిల్లీమీటర్ల పలకతో చిన్న పెట్టె చేసి, నాలుగు మూలలా డోవ్‌టైల్, అంటే పావురం తోకలా విచ్చుకుని ఒకదానిలో ఒకటి బిగిసే కీలు, కోస్తే చాలు, రంపం, ఉలి, మూలమట్టం మీ చేతికి ఎంతవరకు వచ్చాయో తేలిపోతుంది. తోకల వాలు మెత్తటి కర్రకు ఆరుకు ఒకటి, గట్టి కర్రకు ఎనిమిదికి ఒకటి. వాలు మరీ ఎక్కువైతే మొనలు విరుగుతాయి, మరీ తక్కువైతే పట్టు ఉండదు. గీత పెన్సిలుతో కాదు, కత్తితో గీయాలి. పెన్సిలు గీతకే ఒక మందం ఉంటుంది, ఆ మందమే చివర సందుగా కనబడుతుంది. రంపం ఎప్పుడూ పారేసే ముక్క వైపే నడవాలి. ఉలితో ఒక ముఖం నుంచి సగం లోతు, పలక తిప్పి రెండోవైపు నుంచి సగం తొలవాలి. ఒకేవైపు నుంచి దింపితే అడుగున కర్ర చీలి వస్తుంది.

ఇవన్నీ వచ్చినా పెట్టె చెడగొట్టగలిగేది మరొకటి ఉంది, తేమ. కర్ర పొడవులో దాదాపు కదలదు, వెడల్పులో కదులుతుంది. ముప్పై సెంటీమీటర్ల వెడల్పు టేకు పలకలో తేమ నాలుగు శాతం మారితే వెడల్పు రెండు మిల్లీమీటర్ల వరకు మారవచ్చు. టేకు చాలా నయం, మామిడి ఇంకా ఎక్కువ ఆడుతుంది. కోస్తా నుంచి తెచ్చుకున్న మంచానికి బెంగళూరులో మార్చి వచ్చేసరికి కీళ్లు వదులయ్యేది ఇందుకే. కాబట్టి మూత పలకకు చుట్టూ ఫెవికాల్ పూసి చట్రంలో బిగించేయకండి. చట్రంలో గాడి తీసి, పలకను అందులో ఊరికే కూర్చోబెట్టి, రెండు పక్కలా ఒక్కో మిల్లీమీటరు చోటు వదలండి. కొత్త పలకను కొన్న వెంటనే కోయకుండా ఇంట్లో రెండు మూడు వారాలు, మధ్య పుల్లలు పెట్టి పేర్చి ఉంచాలి.

పలకలకు మైసూరు రోడ్డు టింబర్ యార్డ్ లేఅవుట్‌లో అడగవచ్చు. టేకును సాగువాని అనీ, పనసను హలసు అనీ అడిగితే త్వరగా అర్థమవుతుంది. కొడగు, చిక్కమగళూరు కాఫీ తోటల్లో నీడకు పెంచే సిల్వర్ ఓక్ చవగ్గా దొరుకుతుంది, చిత్రిక పడితే లోపల మెరిసే చారలు తేలతాయి. అయితే దాని పొడి కొందరి చర్మానికి పడదు, దురద పెడుతుంది. ఏ కర్రయినా చేవ ఉన్న భాగమే తీసుకోండి. అంచున తెల్లగా ఉండే భాగంలో పిండిపదార్థం ఎక్కువ, పురుగు ముందు అక్కడే చేరుతుంది. టేకులో ఇసుకలాంటి సిలికా ఉంటుంది, చిత్రిక బ్లేడు తొందరగా మొండిపడితే మీ సాన తప్పనుకోకండి.

బొమ్మలు చెక్కాలనుకునేవాళ్లకు కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర ఆదర్శం. తేలిక, మెత్తన, చిన్న కత్తి చాలు. అక్కడ చేతులు, తలలు విడిగా చెక్కి, చింతగింజల పొడి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. మైసూరు పొదుగుడు పని, అంటే పలకలో పల్లం తొలిచి వేరే ముక్కలను పొదగడం, అందమైనదే, కానీ కొత్తవాళ్లు అక్కడ మొదలుపెట్టాలని సలహా ఇవ్వను. ఆ పనిలో పలకలోని పల్లం, పొదిగే ముక్క అంచు రెండూ వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి.

ఇక నూనె. గరిటెకు వేరుశనగ నూనె పూస్తే అది ఎండదు, కొన్నాళ్లకు ముక్కవాసన వస్తుంది. పచ్చి అవిసె నూనె పలచగా పూసి, పదిహేను నిమిషాల తర్వాత మిగిలింది తుడిచేసి, వారం రెండు వారాలు ఆరనివ్వాలి. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఉడికించిన అవిసె నూనెలో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, అది వంటింటి వస్తువులకు వద్దు. నూనె తుడిచిన గుడ్డను ఉండచుట్టి చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె గాలిలో ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతటదే అంటుకోవచ్చు. బాల్కనీలో తీగమీద ఒంటిపొరగా ఆరేసి, గట్టిపడ్డాకే పారేయండి.