గండానికి అరగంట ముందు

మిత్రులకు నమస్కారం.

వేటలో చావు అంచు దాకా వెళ్లి తిరిగొచ్చినవాళ్లు ఆ సంగతి చెప్పేటప్పుడు చివర్లో దాదాపు అందరూ ఒకే మాట అంటారు. "భూమ్మీద ఇంకా నూకలున్నాయి, అందుకే బతికాను." వినేవాళ్లూ అవునవును అంటారు. కథ అక్కడితో అయిపోతుంది. ప్రాణం దక్కినవాడికి ఆ మాట అనే హక్కుంది, నేను కాదనను. కానీ అది అనేశాక ఇంక ఎవరూ ఏమీ అడగరు. అసలు అక్కడి దాకా ఎలా వెళ్లావని అడగరు. ఈ రోజు ఆ ప్రశ్న గురించే మాట్లాడదామని వచ్చాను.

ముందు నా సంగతి చెప్తాను. ముగ్గురం వెళ్లాం. లైసెన్సులున్నాయి, అనుమతి ఉన్న అడవి, అనుమతి ఉన్న కాలం. నేను కొండవాలు పైన కూర్చోవాలి, మిగతా ఇద్దరూ లోయ వైపు ఉండాలి. సాయంత్రం 4 దాకా ఎవరూ చోటు కదలకూడదని పొద్దున్నే అనుకున్నాం. మధ్యాహ్నం దాటాక సన్నటి తుంపర మొదలైంది, మంచు కమ్మింది. ఆ సమయంలో రెండు దుప్పులు నా ముందు నుంచే వెళ్లి కింద పొదల్లోకి దూరాయి. కాల్చడానికి వీలు దొరకలేదు. అవి మళ్లీ బయటికొస్తాయని ఆ పొద మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

అరగంట తరువాత పొద కదిలింది. తుపాకీ భుజానికి ఎత్తి, దాని మీద బిగించిన దుర్బిణి, అదే స్కోపులోంచి చూశాను. గోధుమరంగు ఒళ్లు కనిపించింది. కొమ్ము కనిపించింది. చెవి కూడా కనిపించింది. నేను అబద్ధం చెప్పడం లేదు, ఆ చెవి అటూ ఇటూ ఆడటం ఈ రోజుకీ నా కళ్లకు కడుతుంది. తుపాకీ పేలకుండా ఆపే సేఫ్టీ తీశాను. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్లింది. అప్పుడు ఆ దుప్పి దగ్గింది.

అది నా స్నేహితుడు. అతని రేడియో బ్యాటరీ అయిపోయింది. వాతావరణం పాడవుతోందని నన్ను పిలుచుకెళ్లడానికి పైకి వస్తున్నాడు. తోటి వేటగాళ్లకు దూరం నుంచే మనిషని తెలియాలని వేసుకునే నారింజ రంగు జాకెట్ వేసుకునే ఉన్నాడు, కానీ తుంపర పడుతోందని దాని మీద గోధుమరంగు రెయిన్‌కోటు తొడుక్కున్నాడు. నేను చూసిన కొమ్ము ఒక ఎండుకొమ్మ. చెవి అతని చేతి గ్లవ్. మా ఇద్దరి మధ్య 60 అడుగులు కూడా లేవు.

దీన్ని నేను చాలాకాలం ఆ దగ్గు గురించిన కథగానే చెప్పాను. ఆ దగ్గు రాకపోతే ఏమయ్యేదో అనే చెప్పేవాణ్ని. అసలు తప్పు అంతకుముందే జరిగింది. నా మెడలో బైనాక్యులర్లు వేలాడుతున్నాయి. కదిలింది ఏమిటో తెలుసుకోవడానికి నేను వాటిని తీయలేదు, తుపాకీ తీశాను. స్కోపులోంచి చూడటమంటే తుపాకీ గొట్టాన్ని దాని వైపు తిప్పడమే. ఏమిటో తెలియని దాని వైపు నిండు తుపాకీ తిప్పేశాను. దానికన్నా ముందు ఇంకొకటి ఉంది. పొదలో దుప్పులు ఉన్నాయని అరగంట పాటు నాకు నేనే చెప్పుకుంటూ కూర్చున్నాను. అన్నిసార్లు చెప్పుకున్నాక మనసు కంటికి ఆ బొమ్మనే చూపిస్తుంది. వేటగాళ్లు బక్ ఫీవర్ అంటారే, గుండె దడదడలాడటం, చేతులు వణకడం, చుట్టుపక్కల ఏదీ కనిపించకపోవడం, ఆ స్థితిలో ఎండుకొమ్మ కొమ్మే అయిపోతుంది.

తుపాకీ వాడకానికి అమెరికా సైనికుడు జెఫ్ కూపర్ నాలుగు నియమాలు చెప్పారు. తుపాకీ ఎప్పుడూ నిండుగా ఉందనే అనుకో. ధ్వంసం చేయదలచుకోని దాని వైపు గొట్టం తిప్పకు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకు. కొట్టేది ఏమిటో, దాని వెనక ఏముందో తెలుసుకో. ఆ సాయంత్రం నేను మొదటిది తప్ప మిగతా మూడూ మీరాను. దాని వెనక ఏముందో అనే మాటను తేలిగ్గా తీసుకోకండి. చాలా చిన్నదని మనం అనుకునే పాయింట్ 22 తూటా కూడా గురి తప్పితే 2 కిలోమీటర్ల దాకా పోగలదు.

నారింజ రంగు గురించి ఒక ముక్క. దుప్పులకు ఎరుపు, నారింజ రంగులు మనకు కనిపించినట్టు కనిపించవు. వాటి కంట్లో రంగును పట్టే కణాలు రెండు రకాలే ఉంటాయి, మనకు మూడు. అందుకని ఆ జాకెట్ వల్ల వేట చెడుతుందనే భయం అక్కర్లేదు. అది అన్నిటికన్నా పైన ఉండాలి, వాన వచ్చినా సరే.

ఇప్పుడు కాల్చిన తరువాతి సంగతికి వస్తాను. నాకు తెలిసి ఎక్కువ గండాలు అక్కడే ఉన్నాయి.

1844లో దక్షిణాఫ్రికాలోని మబోత్సా అనే చోట స్కాట్లండ్ మిషనరీ, అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్‌కు జరిగింది మీలో కొందరు వినే ఉంటారు. పశువులను చంపుతున్న సింహాల మీదికి ఊరివాళ్లతో కలిసి వెళ్లాడు. సుమారు 30 గజాల దూరంలో, పొద వెనక ఉన్న సింహం మీద రెండు గొట్టాలూ పేల్చాడు. దెబ్బ తగిలిందని అందరూ కేకలేశారు. దాని దగ్గరికి పరుగెత్తబోయినవాళ్లను ఆగమని, తుపాకీలో మళ్లీ గుండ్లు దట్టిస్తున్నాడు. అంతలోనే సింహం వచ్చి అతని మీద పడింది. భుజం దగ్గర పట్టి ఊపేసింది, ఎడమ చేతి ఎముక ముక్కలైంది. ఆ క్షణంలో నొప్పి, భయం ఏవీ తెలియలేదనీ, కలలో ఉన్నట్టు అనిపించిందనీ అతనే తరువాత రాశాడు. అతణ్ని కాపాడబోయిన మెబాల్వే తుపాకీ రెండుసార్లూ పేలలేదు. సింహం మెబాల్వే తొడ కొరికింది, బల్లెంతో వచ్చిన ఇంకొకరి భుజం పట్టుకుంది. అప్పుడు గానీ మొదటి తూటాలు పని చేయలేదు. ఉన్నట్టుండి కూలిపోయింది.

చూడండి, ఆ సింహానికి చావుదెబ్బ మొదటే తగిలింది. ఆ తరువాతే ముగ్గురిని గాయపరిచింది. గుండెకు తూటా తగిలిన జంతువుకైనా మెదడులో మిగిలిన ప్రాణవాయువు మరో 10, 15 సెకన్లు పరుగు ఇస్తుంది. దుప్పి ఆ సమయంలో 100 మీటర్లు దాటిపోతుంది. అదే ఎదురు తిరిగే జంతువైతే ఏ వైపు వస్తుందో చెప్పక్కర్లేదు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు జంతువు పొదల్లోకి పోతే వెంటనే వెంటపడరు. ముందు తుపాకీ నింపుకుంటారు. జంతువు నిలుచున్న చోటును కళ్లతో గుర్తుపెట్టుకుంటారు, అరగంట కూర్చుంటారు. దెబ్బ పొట్టలో తగిలిందని తెలిస్తే గంటల తరబడి ఆగుతారు. తొందరపడి వెంటపడితే గాయపడిన ప్రాణి ఇంకా దూరం పరిగెడుతుంది, దాని బాధ పెరుగుతుంది, మన ప్రమాదమూ పెరుగుతుంది. ఆ అరగంట కూర్చోవడం ఎంత కష్టమో నాకు తెలుసు. కాళ్లు నిలవవు.

పడిపోయిన జంతువు దగ్గరికి వెన్ను వైపు నుంచి వెళ్లాలి, కాళ్ల వైపు నుంచి, కొమ్ముల వైపు నుంచి వద్దు. చచ్చిన జంతువు కళ్లు మామూలుగా తెరుచుకునే ఉంటాయి. మూసుకుని ఉన్నాయంటే అనుమానించండి. పొడుగాటి కర్రతో కనుగుడ్డును తాకి చూడండి, రెప్ప కదిలితే వెనక్కి రండి.

గోధుమ ఎలుగుబంట్లు తిరిగే అడవుల్లో అయితే జంతువు చచ్చాక మరో గండం మొదలవుతుంది. వేటగాడు వంగి చర్మం ఒలుస్తుంటాడు, తుపాకీ చెట్టుకు ఆనించి ఉంటుంది, నెత్తుటి వాసన గాలిలో పోతుంది. చీకటి పడుతుంటుంది. ఎలుగు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. అంటే 30 మీటర్ల దూరం దానికి రెండు సెకన్ల పని. చెట్టు దాకా నడిచి, తుపాకీ అందుకుని, తిరిగి, గురిపెట్టే వ్యవధి అందులో లేదు. మిరపఘాటుతో చేసే బేర్ స్ప్రే నడుముకు కట్టుకోమని అందుకే చెప్తారు. అలాస్కాలో 1985 నుంచి 2006 దాకా అది వాడిన సంఘటనలను పరిశోధకులు పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. గోధుమ ఎలుగుల విషయంలో 92 శాతం సార్లు అది వాటి దూకుడును ఆపింది. స్ప్రే దగ్గర ఉన్నవాళ్లలో 98 శాతం మందికి గాయాలు కాలేదు. కానీ అది సంచిలో ఉంటే లేనట్టే. గాలి మన వైపు వీస్తుంటే ఏమవుతుందో కూడా ముందే ఆలోచించుకోవాలి. ఇద్దరు ఉంటే ఒకరు ఒలవాలి, ఇంకొకరు నిలబడి నాలుగు వైపులా చూడాలి. ఒక్కరే ఉంటే, చీకటి పడబోతుంటే, మాంసాన్ని వదిలి దిగిపోవడం పిరికితనం కాదు.

మంచెల గురించి, చలి గురించి కూడా చెప్పాలి, త్వరగా చెప్తాను. మంచె మీద నుంచి పడేవాళ్లలో చాలామంది ఎక్కేటప్పుడో దిగేటప్పుడో పడతారు. బెల్టు పైకి చేరాక కట్టుకుందామనుకుంటారు కదా, అక్కడే. నేల మీద ఉన్నప్పుడే కట్టుకోండి. తుపాకీని ఖాళీ చేసి తాడుతో పైకి లాక్కోండి, భుజాన వేసుకుని ఎక్కకండి. ఇక చలి. ఒంట్లో వేడి 35 డిగ్రీల కన్నా తగ్గితే ప్రమాదం మొదలైనట్టే. తడి బట్టలు, గాలి ఉంటే దానికి గడ్డకట్టే చలి కూడా అక్కర్లేదు. మాట ముద్దగా వస్తుంది, కాలు తడబడుతుంది, మొండితనం వస్తుంది. ఆ మనిషికి మాత్రం తాను బాగానే ఉన్నాననిపిస్తుంది. వణుకు ఆగిపోయిందంటే వెచ్చబడ్డాడని అనుకోవద్దు, అప్పుడే ఎక్కువ భయపడాలి. దెబ్బ తగిలిన జంతువు కోసం సాయంత్రం దాకా వాగు వెంట తిరిగేవాళ్లకు ఇది ఎక్కువగా జరుగుతుంది.

మళ్లీ నా స్నేహితుడి దగ్గరికి వస్తాను. ఆ రాత్రి మంట దగ్గర మూడో అతనికి ఇద్దరం కలిసి చెప్పాం. మంచు బాగా కమ్మిందని, తుపాకీ ఎత్తానని, ఇంతలో ఇతను దగ్గాడని చెప్పాం. "నూకలున్నాయి" అన్నాడు మూడో అతను. నవ్వుకుని పడుకున్నాం. నాకు నిద్ర పట్టలేదు. వేలు ఎక్కడుందో నేను చెప్పలేదు.

రెండేళ్లు పట్టింది. ఒకరోజు ఇద్దరమే ఉన్నప్పుడు, వేలు ట్రిగ్గర్ మీదే ఉందని చెప్పేశాను. చాలాసేపు మాట్లాడలేదు అతను. తరువాత అడిగాడు.

"సేఫ్టీ?"

"తీసేశాను."

ఇంకొంచెం సేపు ఊరుకుని, తనూ ఒకటి చెప్పాడు. పైకి వస్తూ నన్ను పిలవాలనుకున్నాడట. దుప్పులు బెదురుతాయేమో, వాడి వేట చెడుతుందేమోనని పిలవలేదట. ఆ రెండేళ్లూ అది అతని మనసులో ఉండిపోయింది. నా వేలు సంగతి నేను ముందే చెప్పి ఉంటే, ఈ సంగతి ఆ రాత్రే తెలిసేది. అప్పటి నుంచి మేమిద్దరం ఎవరి చోటు దగ్గరికి ఎవరు వెళ్లినా, వేట చెడినా సరే, దూరం నుంచే పేరు పెట్టి కేకేస్తాం.

లివింగ్‌స్టన్ 1873లో చనిపోయాడు. మరుసటి ఏడు శవం లండన్ చేరినప్పుడు, అది అతనిదేనని పోల్చింది ఎడమ చేతి ఎముకలో సరిగా అతుక్కోని ఆ పాత విరుగును చూసే. ముప్పై ఏళ్ల కిందటి సింహం గుర్తు అది. మా సాయంత్రం మా ఇద్దరి ఒంటి మీదా ఏ గుర్తూ మిగల్చలేదు.

ఈ గదిలో ఉన్నవాళ్లలో సగం మందికైనా ఇలాంటి రోజు ఒకటి ఉండే ఉంటుంది. నా సమయం అయిపోయింది, మిగతా సమయం మీది. చెప్పేటప్పుడు జంతువు ఎదురైన దగ్గర్నుంచి మొదలుపెట్టకండి. ఆ రోజు పొద్దున్న ఏమనుకుని బయల్దేరారో అక్కణ్నుంచి చెప్పండి. ముందు వరసలో మీరు, చెయ్యి ఎత్తారు కదా, చెప్పండి.