ఫలితాల వారం: పిల్లల్ని సూటిగా అడగండి

హోస్ట్: నమస్కారం. ఇంటర్ ఫలితాలంటే మన ఇళ్లల్లో ఎంత గుబులో చెప్పక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఫలితాలొచ్చాక ఆత్మహత్యల్లో 20 మందికి పైగా పిల్లల్ని పోగొట్టుకున్నాం. ఒకమ్మాయికి తెలుగులో 99 వస్తే మెమోలో సున్నా పడింది. మేడమ్, మార్కులే కారణమంటారా?

కౌన్సెలర్: మార్కులు ఆఖరి దెబ్బ కావచ్చండి. అదొక్కటే కారణమంటే మాత్రం ఒప్పుకోను. నిద్ర పట్టకపోవడం, దిగులు, ఇంట్లో గొడవలు, హాస్టల్లో ఒంటరితనం... ఇవన్నీ అంతకుముందే పేరుకుని ఉంటాయి. "ఫెయిలయ్యాడు, అందుకే" అని టీవీలో చెప్పేస్తే, అది వింటున్న ఇంకో ఫెయిలైన పిల్లాడికి ఏం చెప్పినట్టు?

హోస్ట్: ముందే పసిగట్టగలమా?

కౌన్సెలర్: ప్రతిసారీ కాదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రుల్ని "మీరెలా చూడలేదు" అని ఎవరూ అడగొద్దు, దయచేసి. కొన్నిసార్లు మాత్రం తెలుస్తుంది. హాస్టల్లో ఓ అబ్బాయి, ఊరూ పేరూ వద్దు, ప్రాణంగా చూసుకునే బ్యాట్‌ని పక్క మంచం వాడికిచ్చేశాడు. "నాకెందుకురా ఇక" అన్నాడట. ఆ పక్క మంచం పిల్లాడు రాత్రికి రాత్రే వచ్చి నాకు చెప్పాడు.

హోస్ట్: మీరేం చేశారు?

కౌన్సెలర్: పక్కన కూర్చుని సూటిగా అడిగాను. "చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?" అని.

హోస్ట్: అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు కాదా?

కౌన్సెలర్: కాదండీ. అందరికీ ఇదే భయం. అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు, గొంతులో అడ్డుపడ్డది బయటికొస్తుంది. వాడు చాలాసేపు ఏడ్చాడు. ఆ రాత్రి ఒంటరిగా వదల్లేదు. మర్నాడు సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. అర్ధరాత్రి ఎవరూ దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్‌కి ఫోన్ చేయండి, 14416. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు.

హోస్ట్: మరి కాలేజీలు?

కౌన్సెలర్: విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. వందమంది, అంతకుమించి విద్యార్థులుంటే అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచ్‌లు విడగొట్టకూడదు, నలుగురిలో అవమానించకూడదు. "నువ్వు చివరి సెక్షన్" అని రోజూ వినే పిల్లాడి సంగతి ఆలోచించండి. నాకు నిజంగా కోపమొస్తుంది.

హోస్ట్: ఆ అబ్బాయి ఎలా ఉన్నాడు మేడమ్?

కౌన్సెలర్: వాళ్ల నాన్న రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి వచ్చారు. మార్కుల ఊసెత్తొద్దని ముందే ఫోన్లో చెప్పాను. మెస్‌లో కొడుకు ఎదురుగా కూర్చుని, తన పళ్లెంలో ఇడ్లీ తీసి వాడికి వేసి, "తిను నాన్నా" అన్నారు, అంతే. కొన్నాళ్లు ఇంటి దగ్గరుండి, మందులు వాడి తిరిగొచ్చాడు. వచ్చిన రోజే పక్క మంచం వాణ్ని బ్యాట్ అడిగి తీసుకున్నాడు.