బట్టలు విప్పి చూడండి

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న అమ్మానాన్నలకు నమస్కారం. నవంబరు 12, ప్రపంచ న్యుమోనియా దినం. బాక్టీరియాలు, టీకాలు, మందులు వరసగా చెప్పమన్నారు. చెబుతాను. ముందు ఒకటి అడగనివ్వండి. పిల్లాడి ఒళ్లు కాలితే థర్మామీటరు పెడతారు కదా, నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో లెక్కపెట్టినవాళ్లు మీలో ఎంతమంది?

ఈమధ్య నా దగ్గరికి ఒక బాబును తీసుకొచ్చారు. ఏడాది నిండలేదు. సంచిలో రెండు దగ్గు సిరప్‌లు, జ్వరం ఏ పూట ఎంతుందో రాసిన కాగితం. అంత శ్రద్ధ గల తల్లిదండ్రులు! మందపాటి బట్టలు విప్పించాను. ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల కింద డొక్క లోపలికి గుంజుకుపోతోంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. ఊపిరి నిమిషానికి 60 దాటింది. అంతకుముందు చూసినవాళ్లు బట్టలు కూడా విప్పకుండా సిరప్ రాసిచ్చారట. నా కోపం ఆ తల్లి మీద కాదు, మా వృత్తిలోవాళ్ల మీద.

న్యుమోనియా అంటే ఊపిరితిత్తులకు పట్టే ఇన్‌ఫెక్షన్. వాటిలోని గాలి గదులు చీముతో, నీరుతో నిండితే ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది, సాగదు. అందుకే బిడ్డ గబగబా పీలుస్తాడు, ముదిరితే డొక్కలెగరేస్తాడు. ఇది కనిపెట్టడానికి స్టెతస్కోపు అక్కర్లేదు. రెండు నెలల్లోపు పసికందుకు నిమిషానికి 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. అంతకు చేరినా, దాటినా వెంటనే చూపించాలి. ఏడుస్తున్నప్పుడో పాలు తాగుతున్నప్పుడో లెక్కపెట్టకండి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయకండి, పసివాళ్ల ఊపిరి ఒకే తీరుగా నడవదు. నిండు నిమిషం చూడండి. మళ్లీ చెబుతున్నాను, నిండు నిమిషం.

2019లో ఐదేళ్లలోపు పిల్లలు దాదాపు 7 లక్షల 40 వేల మంది న్యుమోనియాతో పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఇంతా చేస్తే, తొందరగా పట్టుకుంటే చాలామందికి అమాక్సిసిలిన్ అనే పాత, చవక మందు సరిపోతుంది. డాక్టరు చెప్పినన్ని రోజులూ వేయాలి, జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. దగ్గు సిరప్ న్యుమోనియా తెచ్చే బాక్టీరియాను ఏమీ చేయదు.

టీకాల సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను, టైమ్ అయిపోతోంది. న్యుమోనియా తెచ్చే రెండు బాక్టీరియాలను అడ్డుకునే న్యుమోకోకల్ టీకా, హిబ్ టీకా తప్పకుండా వేయించండి. అయితే అన్ని రకాల న్యుమోనియానూ అవి ఆపలేవు, కాబట్టి వేయించినా ఊపిరి మీద కన్ను ఉండాల్సిందే.

అమ్మలూ, ఇదొక్కటి గట్టిగా వినండి. బిడ్డ పాలు తాగలేకపోయినా, తాగిందంతా కక్కేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, లేపినా మగతగా ఉన్నా, పెదాలు నీలంగా మారినా తెల్లారనిద్దాం అనుకోవద్దు. సిరప్ ఇంకో మూత పోసి పడుకోబెట్టొద్దు. ఎంత రాత్రయినా ఆక్సిజన్ ఉన్న ఆసుపత్రికి బయల్దేరండి.