అనుమంద్రానికి చోటివ్వండి

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దలకు, ఈ సంగీత సంఘాన్ని నడుపుతున్న విద్యార్థులకు, ఇంత వానలోనూ వచ్చి కూర్చున్న మీ అందరికీ కృతజ్ఞతలు. ఆహ్వాన పత్రంలో నా ప్రసంగానికి "బాస్ గిటారు నేర్చుకోవడం ఎలా" అని పేరు పెట్టారు. దానికి తగ్గట్టు కాగితాలు రాసుకునే వచ్చాను. కానీ ఇందాక మీ కళాశాల బృందం వాయిస్తున్నప్పుడు నేను చివరి వరుసలో కూర్చుని విన్నాను. రెండు గిటార్లు వినిపించాయి. డ్రమ్స్ వినిపించాయి. గొంతు వినిపించింది. ఎడమ పక్కన అయిదు తీగల బాస్ పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. ఆమె వేళ్లు కదలడం చూశాను. ఆమె వాయించిన ఒక్క స్వరం కూడా నా దాకా రాలేదు. అందుకని ఆ కాగితాలు పక్కన పెడుతున్నాను.

నేను వాయించేది ఆరు తీగల బాస్. మామూలు బాస్‌కి, అంటే కింది స్వరాలు పలికే గిటారుకి, నాలుగు తీగలుంటాయి. అన్నిటికంటే కింది తీగ పాశ్చాత్య సంగీతంలో ఇ అనే స్వరం, సెకనుకు 41 కంపనాలు. 1951లో ఫెండర్ కంపెనీ 34 అంగుళాల తీగ పొడవుతో ప్రెసిషన్ బాస్ తెచ్చినప్పటి నుంచీ లోకమంతా దీన్నే పట్టుకుంది. నా వాద్యంలో ఆ ఇ కింద ఒక బి ఉంది, దాదాపు 31 కంపనాలు. దాని కింద ఇంకొక ఎఫ్ షార్ప్ ఉంది. అది 23. పియానోలో ఎడమ చివరి మెట్టు 27.5 దగ్గర ఆగిపోతుంది. మనిషి చెవి 20 దగ్గర ఆగిపోతుందని చెబుతారు. నా కింది తీగ ఆ రెండు గడపల మధ్య ఉంటుంది.

ఎందుకు అంత కిందికి అని అడుగుతారు. నేనుగా దిగలేదు. మా బృందంలో గిటార్లు దిగాయి. 1994లో అమెరికా మెటల్ బృందం కార్న్ తొలి రికార్డు వచ్చేసరికి ఏడు తీగల గిటార్లు ఎ దాకా దిగాయి, వాళ్ల బాస్ వాద్యకారుడు ఫీల్డీ తన అయిదు తీగల బాస్‌ని ఇంకొక స్థాయి కింద, అంటే సగం కంపనాల దగ్గర, 27.5 పలికే ఎ కి దించుకున్నాడు. ఆ తరువాత మెషుగా లాంటి బృందాల చేతుల్లో ఎనిమిది తీగల గిటార్లు వచ్చాయి. ఎనిమిది తీగల గిటారు కింది తీగ ఎఫ్ షార్ప్, 46 కంపనాలు. మామూలు బాస్ ఇ తీగ 41. అంటే గిటారు వచ్చి బాస్ ఇంట్లో కూర్చుంది. బాస్ ఎక్కడికి పోవాలి? అక్కడే ఉండి గిటారుతో పాటు అదే స్వరం వాయించాలి, లేదా ఒక స్థాయి కిందికి దిగాలి. మేము దిగాము.

కింది తీగ అనేది కొత్త మోజు కాదని కూడా చెప్పాలి. 1975లో న్యూయార్క్‌లో బాస్ వాద్యకారుడు ఆంటొనీ జాక్సన్ కోరితే వాద్యాలు చేసే కార్ల్ థాంప్సన్ ఆరు తీగల బాస్ చేసిచ్చాడు, కింద బి, పైన సి. దాన్ని జాక్సన్ కాంట్రాబాస్ గిటారు అని పిలిచేవాడు. ఆర్కెస్ట్రాల్లో నిలబెట్టి వాయించే అయిదు తీగల డబుల్ బాస్‌కి కింది బి అంతకు ముందు నుంచే ఉంది. అంతెందుకు, మన వీణ చూడండి. వాయించే తీగలు నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. నాలుగో తీగకు అనుమంద్రం అని పేరు పెట్టుకున్న జాతి మనది. మంద్రం కింద కూడా ఒక మాట ఉండాలని మన పెద్దలకు తోచింది. నాది విజయనగరం జిల్లా. బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి మాకు దగ్గరే. అనుమంద్రం అనే పేరు నేను చిన్నప్పుడే విన్నాను. దాని అర్థం తెలియడానికి ఈ బాస్ కావలసి వచ్చింది.

అది చెబుతాను. నేను మొదటిసారి ఎఫ్ షార్ప్ తీగ తెప్పించుకున్నప్పుడు అది చేతిలో చూసుకుని భయపడ్డాను. నాలుగు మిల్లీమీటర్లకు పైగా మందం, పెన్సిల్‌లో సగానికి ఎక్కువ. మెడ చివర తీగ ఆనే నట్ గాడిలో పట్టదు, బిరడా రంధ్రంలో దూరదు. అప్పటికే నేను ఒక తప్పు చేసి ఉన్నాను. బి కోసం చేసిన తీగనే వదులు చేసి ఎఫ్ షార్ప్‌కి దించి చూశాను. తీగ శ్రుతి దాని బిగువు వర్గమూలాన్ని బట్టి మారుతుందని 1636లోనే ఫ్రెంచి పండితుడు మెర్సెన్ రాశాడు. అంటే అయిదు అర స్వరాలు దించితే బిగువు 56 శాతమే మిగులుతుంది. తీగ బట్టలారేసే తాడులా ఊగింది. మెట్లకు కొట్టుకుంది. అది స్వరం కాదు, చప్పుడు.

సెలవులకు ఊరు వెళ్లినప్పుడు, వీణలకు మైనంలో మెట్లు అమర్చే ఒక పెద్దాయన దగ్గరికి ఆ బాస్ తీసుకెళ్లాను. తాతగారూ, ఈ గాడి కొంచెం వెడల్పు చేయగలరా అని అడిగాను. ఆయన గిటారు అంతకు ముందు ముట్టుకోలేదు. తీగను రెండు వేళ్ల మధ్య నలిపి చూశారు, ఆకురాయి తీసుకున్నారు. రెండు గంటలు పట్టింది. ఒక్కొక్క రాపిడికీ తీగ పెట్టి చూడడం, మళ్లీ తీయడం. అయ్యాక నన్ను వాయించమన్నారు. నేను అలవాటు ప్రకారం గట్టిగా లాగాను. ఆయన చేయి ఎత్తి ఆపారు.

"బాబూ, నువ్వు లాగినప్పుడు అది పైకి పోతోంది, తరువాత దిగుతోంది. ఏది నీ స్వరం? ఇంత లావు తీగని బెదిరించకూడదు. మెల్లగా అడుగు."

నేను మెల్లగా మీటాను. అప్పుడు స్వరం మొదటి క్షణం నుంచీ ఒక్క చోట నిలబడింది. గట్టిగా మీటితే తీగ సాగి, శ్రుతి ముందు పెరిగి తరువాత పడుతుందని, తీగ ఎంత వదులుగా ఉంటే ఆ తేడా అంత ఎక్కువని తరువాత చదువుకున్నాను. ఆయన చదవలేదు. విన్నారు. కెనడాలో డింగ్‌వాల్ లాంటి తయారీదారులు కింది తీగ పొడవును 37 అంగుళాలకు పెంచి, మెట్లను విసనకర్రలా పరిచి బిగువు సమస్యకు జవాబు వెతికారు. మూడు అంగుళాలు పెంచితే అదే తీగకు బిగువు 18 శాతం పెరుగుతుంది. అది మంచి జవాబే. కానీ చేతి బరువు తగ్గించుకోవడం డబ్బు ఖర్చు లేని జవాబు. ఇక్కడున్న బాస్ వాద్యకారులకు ముందుగా చెప్పేది అదే.

ఇప్పుడు నేను చెప్పాలనుకున్న అసలు విషయానికి వస్తాను. ఇన్నాళ్లు సభల్లో చెప్పలేదు.

మా బృందం మొదటి రికార్డు చేసినప్పుడు బాస్ భాగాలన్నీ నేను నాలుగు రోజుల్లో వాయించాను. ప్రతి పాటకూ కొత్త తీగలు వేసుకున్నాను, ఎందుకంటే కింది తీగ పాతబడితే ముందు దాని పలుకు చచ్చిపోతుంది. పాటలు బయటికి వచ్చిన రోజు ఇంట్లో అమ్మ, చెల్లి, నేను కూర్చుని విన్నాము. చెల్లి తన ఫోనులో పెట్టింది. బాస్ లేదు. ఫోను స్పీకరు కదా అని పెద్ద స్పీకర్లకు కలిపాను. అప్పుడు గోడలు అదిరాయి, కానీ అది నేను కాదు. నా వేలి చప్పుడు లేదు, తీగ గరుకు లేదు. ఒక నున్నటి గుమ్ శబ్దం. మిక్సింగ్, అంటే వాద్యాల శబ్దాలన్నీ కలిపే పని, చేసినాయన నా తీగను తీసేసి, ఆ స్వరాల చోట కంప్యూటర్‌తో పుట్టించిన శుద్ధ కంపనాన్ని పెట్టారు. "కింద శుభ్రంగా ఉంటుందని" అన్నారు. నన్ను అడగలేదు. మా బృందంలో ఇద్దరికి ముందే తెలుసు. వాళ్లూ చెప్పలేదు. అమ్మ మాత్రం "ఇందులో నువ్వు ఎక్కడ వాయించావు?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇది నా ఒక్కడి బాధే అయితే మీ సమయం తీసుకునేవాడిని కాదు. ఆయన చేసినది వినికిడి శాస్త్రం ప్రకారమే తప్పు. దయచేసి ఇది జాగ్రత్తగా వినండి. తీగ 23 దగ్గర కంపిస్తే ఒక్క 23 మాత్రమే పుట్టదు. 46, 69, 92, 116, ఇలా అనుస్వరాలు వరుసగా పైకి వెళతాయి. ఫోను స్పీకరు కింది వాటిని పలకలేదు. కానీ పైనున్న అనుస్వరాల మధ్య దూరం ప్రతిసారీ 23 కాబట్టి, మెదడు ఆ లెక్క చూసి లేని 23ని తానే పూరించుకుంటుంది. అంటే కింది స్వరానికి గుర్తింపు పైన ఉంటుంది, తీగ గరుకులో, వేలి చప్పుడులో, మెట్టు మీద తీగ పలికే పలుకులో. ఫీల్డీ తీగల టకటకను తలచుకోండి. ఆయన కింది ఎ, ఆ 27.5ని, మన దాకా మోసుకొచ్చేది ఆ టకటకే. శుద్ధ కంపనానికి అనుస్వరాలు లేవు. చిన్న స్పీకరులో దానికి చోటే లేదు. శుభ్రం చేస్తామని ఆ తీగ నాలుకను కోసేశారు.

గదుల విషయం కూడా ఇలాగే ఉంటుంది. మీరు సాధన చేసే గది ఇందాక చూశాను, పొడవు పన్నెండు అడుగులు ఉంటుంది. అంత దూరంలో ఎదురెదురు గోడల మధ్య నిలిచే మొదటి తరంగం దాదాపు 47 దగ్గర వస్తుంది. ఆ స్వరం గది నడుమ మాయమవుతుంది, మూలల్లో హోరెత్తుతుంది. ఇక నా కింది తీగ తరంగం 15 మీటర్ల పొడవు, ఆ గదిలో సగం కూడా పట్టదు. నడుమ నిలబడిన గిటారు వాద్యకారుడు బాస్ వినిపించడం లేదంటాడు, మూలనున్న డ్రమ్మరు తగ్గించమంటాడు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. వాదించుకోకండి. చోటు మార్చుకుని వినండి.

గిటారు వాయించే తమ్ముళ్లూ, ఒక్క మాట అడుగుతాను. మీ ఆంప్‌లో, అంటే శబ్దం పెంచే పెట్టెలో, వంద కంపనాల కింద ఉన్నది తగ్గించండి. ఒంటరిగా వాయించినప్పుడు మీ గిటారు పలచగా అనిపిస్తుంది, నిజమే. బాస్ కలిసినప్పుడు వినండి, మీ గిటారే పెద్దదవుతుంది. బాస్ వాళ్లు కూడా 30 కింద ఉన్న ఊపును వడపోయాలి. అవును, 23 వాయించే నేనే ఈ మాట అంటున్నాను. అక్కడ స్పీకరు శక్తి ఖర్చవడమే తప్ప సంగీతం కొంచెమే ఉంటుంది. డిస్టార్షన్, అంటే శబ్దానికి గరుకుదనం, కావాలంటే శబ్దాన్ని రెండు పాయలు చేసి, కింది పాయను శుద్ధంగా వదిలి, పై పాయకే వేయండి. మేము రెండో రికార్డు అలా చేశాము. ఒక పాటలో గిటార్లు రెండూ ఎనిమిది ఆవర్తాలు మౌనంగా ఉంటాయి. ఆ ఎనిమిది ఆవర్తాల కోసం బృందంలో ఆరు నెలలు మాట్లాడుకోవలసి వచ్చింది. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోయారు. ఆయన మంచి వాద్యకారుడు, ఇప్పటికీ ఆయన లేని లోటు నాకు తెలుస్తుంది. అయినా ఆ మౌనాన్ని నేను వదులుకోలేదు. ఆ పాట అమ్మ ఫోనులో విని, వేలు చూపించి, "ఇదిగో, ఇది నువ్వు" అంది.

నాకు ఇచ్చిన సమయం దాటిపోయింది, అధ్యక్షుల వారు మన్నించాలి. ఇంకొక అయిదు నిమిషాలు కావాలి, మాటలకు కాదు. ఇందాక వాయించిన ఆ అమ్మాయి ఎక్కడ ఉంది? రా తల్లీ, నీ బాస్ తీసుకుని రా. నాది కూడా ఇక్కడే ఉంది, ముందు నీది. ఆంప్ దగ్గరున్న అబ్బాయీ, ఆ 400 కంపనాల దగ్గర తగ్గించిన మీటను మళ్లీ యథాస్థానానికి తెచ్చిపెట్టు. ఎవరైనా ఆ ఫ్యాన్లన్నీ ఆపండి. మీరంతా అరచేతులు మీ ముందున్న కుర్చీ వీపు మీద ఆనించండి. ఊ, కింది తీగ. గట్టిగా కాదమ్మా, మెల్లగా.