పాత కారు లోపల పట్టు, కొమ్ము ఎక్కడ వేయాలి

అందరికీ నమస్కారం. బరంపురం సీటు పనివాళ్లు, మగ్గం వాళ్లు, పశువుల కొమ్ముతో వస్తువులు చేసే పర్లాకిమిడి పనివాళ్లు ఒకేచోట కూర్చోవడం అరుదు. అందుకని ఇవాళ ఇంజను జోలికి పోను. ప్రదర్శనకు పెట్టే పాత కార్ల లోపలి పని గురించే చెబుతాను.

1926 నాటి ఒక రోల్స్ రాయిస్ ఫాంటమ్ లోపలిభాగాన్ని వుల్వర్‌హాంప్టన్‌లోని క్లార్క్ సంస్థ ఫ్రెంచి రాజమహలు గదిలా తీర్చింది. సీట్లకు ఫ్రాన్స్‌లోని ఒబుస్సాన్‌లో నేసిన టాపెస్ట్రీ (బొమ్మలు నేసిన దళసరి గుడ్డ) వేశారు, పైకప్పుకు బొమ్మలు గీయించారు. 1951లో హూపర్ అనే బాడీ తయారీ సంస్థ వాళ్లు కట్టిన డైమ్లర్ కారు మీద సుమారు ఏడు వేల చిన్న బంగారు నక్షత్రాలుంటాయి. క్రోమియం ఉండాల్సిన చోటల్లా బంగారు పూతే. వాళ్లదే 1955 'గోల్డెన్ జీబ్రా'లో డాష్‌బోర్డుకు ఏనుగు దంతం, సీట్లకు జీబ్రా చర్మం. దంతం మన దేశంలో కొనడం, అమ్మడం నేరం. అదే మేలు.

మనకు పట్టు ఉంది, కొమ్ము ఉంది. అయితే చీర పట్టును కూర్చునే చోట వేయకండి. టాపెస్ట్రీ దళసరి, చీర పలచన. మనిషి దిగేటప్పుడు పక్కకు జరుగుతాడు. ఆ లాగుడికి కుట్టు దగ్గర పోగులు తెగకపోయినా జారి విడిపోతాయి. కుట్టు ఎంత గట్టిగా వేసినా ఆగదు. తలుపు ప్యానెళ్లకు, ముందు సీటు వీపుకు వాడండి. అక్కడ కూడా నూలు అస్తరు తప్పదు. రెండు గుడ్డల పోగులూ ఒకే దిశలో పరిచి, చుట్టూ టాకాలు వేసి, ఆ తర్వాతే కొయ్యండి. రబ్బరు సొల్యూషన్ జిగురు నేరుగా పట్టుకు పూస్తే ఎండకు మరక పైకి తేలుతుంది. ఎరుపైతే ముందు తడి తెల్లగుడ్డతో రుద్ది, రంగు దిగుతుందేమో చూడండి. గుడి శిఖరాల్లాంటి కొనలుండే ఫోడా కుంభం చీర అంచును తలుపు అడుగున వేస్తే కొనలు పైకి ఉండాలి.

పైకప్పు గుడ్డ దగ్గరే ఎక్కువ కార్లు పాడవుతాయి. గుడ్డను మోసే కమ్మీలకు విప్పేటప్పుడే ముందు నుంచి 1, 2, 3 అని నంబర్లు వేయండి, కుడి ఎడమ కూడా రాయండి. ఒకదాని వంపు ఇంకొకదానికి ఉండదు. అవి తారుమారైతే పడే ముడత ఎంత లాగినా పోదు. మధ్య కమ్మీతో మొదలుపెట్టి ముందుకు, వెనక్కు లాగండి. పక్కలు చివరన. ఇనుప మేకులు గోపాలపూర్ ఉప్పుగాలికి తుప్పెక్కి గుడ్డ మీద గోధుమరంగు చుక్కలు తేలుస్తాయి. స్టెయిన్‌లెస్ పిన్నులే కొట్టండి.

కొమ్ము వానాకాలం ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. డాష్ రేకు అలా కదలదు. ఎపాక్సీ జిగురుతో మొత్తం అతికిస్తే పలక నిలువునా పగులుతుంది. 3 మి.మీ. మరమేకుకు 4 మి.మీ. రంధ్రం చేసి, కింద పలచటి ఫెల్టు (ఒత్తిన ఉన్ని గుడ్డ) పెట్టి, నడిమి మరమేకు ఒక్కటే గట్టిగా బిగించండి, మిగతావి కాస్త వదులుగా ఉంచండి.

బంగారు పూతను ఇత్తడి మీద నేరుగా వేయించకండి. కాలక్రమేణా కింది రాగి పైకి పాకి మచ్చలు పడతాయి. మధ్యలో నికెల్ పొర కావాలి. ఇత్తడి పాలిష్ తగిలిందా, పూత దానితోనే పోతుంది. తడిగుడ్డ చాలు.

పాత ప్యానెళ్లను చెత్తలో వేయకండి. వెనకవైపు కోచ్‌బిల్డర్ (కారు బాడీ కట్టినవాడు) సుద్దతో రాసిన బాడీ నంబరు ఉండొచ్చు. దుమ్ము తుడవకముందే ఫొటో తీయండి.