అనలిటికల్ బ్యాలెన్స్‌ను కొరియర్‌లో పంపే ముందు ఇలా ప్యాక్ చేయండి

నమస్కారం. నాలుగు దశాంశాల అనలిటికల్ బ్యాలెన్స్‌ను, అంటే గ్రాములో పదివేల వంతు దాకా చూపే ల్యాబ్ తూకం యంత్రాన్ని, సర్వీసుకో, వేరే ప్లాంటుకో పంపాల్సి వచ్చిందనుకోండి. ఈరోజు దాన్నే ప్యాక్ చేద్దాం.

ముందు లోపల ఏముందో తెలియాలి. చాలా సన్నటి లోహపు రేకుల మీద ఒక మీట వేలాడుతూ ఉంటుంది. పెట్టె కింద పడితే ఆ అదురంతా ఈ రేకులకే తగులుతుంది. పైన గీత కూడా పడదు, లోపల మాత్రం రేకు వంగిపోతుంది. ఆ తర్వాత అదే బరువు ప్యాన్ (తూచే వస్తువు పెట్టే పళ్లెం) మధ్యలో పెడితే ఒక రీడింగు, అంచున పెడితే ఇంకో రీడింగు వస్తుంది.

విప్పే ముందే 100 గ్రాముల స్టాండర్డ్ వెయిట్‌ను మధ్యలో, నాలుగు వైపులా పెట్టి రీడింగులు రాసుకోండి. సీరియల్ నంబరు కనిపించేలా ఫోటో తీయండి. దారిలో దెబ్బ తగిలిందని చెప్పాలంటే మీ చేతిలో ఉండే ఆధారం ఇదే, దయచేసి వదిలేయకండి.

ఇప్పుడు శుభ్రం చేద్దాం. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. స్ప్రే మాత్రం కొట్టొద్దు, ప్యాన్ కింది రంధ్రంలోంచి ద్రవం లోపలికి దిగుతుంది. మందుల పొడి తూచిన బ్యాలెన్స్ అయితే డీకంటామినేషన్ సర్టిఫికెట్, అంటే పొడి అంటకుండా శుభ్రం చేశామనే ధ్రువపత్రం, జత చేయండి. అది లేకపోతే చాలా సర్వీస్ సెంటర్లు పెట్టె విప్పవు.

స్విచ్ ఆపి అడాప్టర్ తీసేయండి. ప్యాన్‌ను నిటారుగా పైకెత్తండి, పక్కకి తిప్పి లాగొద్దు. దాని కింది సపోర్టు, గాలి ఆపే రింగు, అద్దాలు అన్నీ ఊడదీసి విడివిడిగా చుట్టండి. ప్యాన్ లోపలే ఉండిపోతే ప్రతి కుదుపుకీ అది మీటను కొడుతూనే ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. కొన్ని మోడళ్లలో ప్రయాణంలో లోపలి భాగాలు కదలకుండా పట్టే ట్రాన్స్‌పోర్ట్ లాక్ ఉంటుంది, రీడింగు సరిచేసుకోవడానికి (కాలిబ్రేషన్‌కి) లోపలే ఉండే బరువును కూడా లాక్ చేయాల్సి రావచ్చు. మీ మాన్యువల్ చూసి బిగించండి.

బ్యాలెన్స్‌ను ఎత్తేటప్పుడు అడుగు భాగం పట్టుకోండి, అద్దాల ఫ్రేమ్ కాదు. సిలికా జెల్ వేసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, ఫోమ్ నలుసులు లోపలికి పోవు.

కంపెనీ పెట్టె, దాని ఫోమ్ అచ్చు ఉంటే అంతకు మించింది లేదు. లేదంటే రెండు పెట్టెలు కావాలి. లోపలి పెట్టెలో ఈపీఈ ఫోమ్‌ను (ప్యాకింగ్‌కి వాడే మెత్తటి పాలిథిలీన్ ఫోమ్) బ్యాలెన్స్ ఆకారానికి కోసి బిగుతుగా అమర్చండి. బయటి పెట్టెకూ దీనికీ మధ్య ఆరు వైపులా కనీసం 5 సెంటీమీటర్ల ఫోమ్ ఉండాలి. బబుల్ ర్యాప్ ఒక్కటే చాలదు. ఇంత బరువు కింద నలిగి బుడగలు పేలిపోతాయి, సగం దారిలోనే పెట్టె వదులవుతుంది. మూసి మెల్లగా ఊపండి. ఏమాత్రం కదిలినా మళ్లీ విప్పి ఫోమ్ నింపాల్సిందే. తర్వాత నడిమి అతుకుకూ, రెండు అంచులకూ టేపు వేసి, గట్టి దెబ్బ తగిలితే ఎర్రబడే షాక్ ఇండికేటర్ స్టిక్కర్, పైవైపు చూపే బాణాలు అంటించండి.

అందుకునేవాళ్లకి ఒక కాగితం రాసి పెట్టండి: స్టిక్కర్ ఎర్రబడి ఉంటే సంతకం చేసే ముందే ఫోటో తీయాలి. ఏసీ గదిలో గంటలకొద్దీ ఉంచి, గది వేడికి సర్దుకున్నాకే ఆన్ చేయాలి. లెవెల్ బుడగ మధ్యకి తెచ్చి, మాన్యువల్ చెప్పినంతసేపు వార్మప్ అయ్యాక కాలిబ్రేట్ చేయాలి. ఊరు మారితే గురుత్వాకర్షణ కూడా మారుతుంది. హైదరాబాద్‌లో కాలిబ్రేట్ చేసిన బ్యాలెన్స్‌ను ఢిల్లీలో అలాగే వాడితే, 200 గ్రాముల దగ్గర 100 మిల్లీగ్రాములకు పైనే ఎక్కువ చూపిస్తుంది. కాలిబ్రేషన్ అయ్యాక మీరు పంపిన రీడింగులతో పోల్చి చూడమనండి.